గంగలో కలిసిన పంచానందపూర్

పశ్చిమ బెంగాల్ మాల్దా జిల్లాలో పంచానందపూర్ ఒకప్పుడు పడవల రేవు. అవతల రాజ్‌మహల్ కొండలు, ఇవతల సంత, బడి, సరుకు దింపే సందడి. ఆ పాత ఊరు ఇప్పుడు లేదు, గంగ తినేసింది.

దానికి చేటు 1975లో మొదలైందనాలి. కోల్‌కతా రేవులో పూడిక కొట్టుకుపోవాలంటే 40,000 క్యూసెక్కులు హుగ్లీకి మళ్లించాలని దిగువన ఫరక్కా బరాజ్ కట్టారు. 109 గేట్లు, రెండు కిలోమీటర్ల పైచిలుకు పొడవు. ఒండ్రు పేరుకుంటుంది, వరదలు ముంచుతాయి అని కపిల్ భట్టాచార్య అనే ఇంజనీరు ముందే మొత్తుకున్నాడు. ఆయనకు దక్కింది పాకిస్తాన్ ఏజెంటన్న ముద్ర.

బరాజ్ ఎగువన మేటలు పడ్డాయి, ఏరు ఎడమకు ఒరిగింది. కుడివైపు రాజ్‌మహల్ రాయి గట్టిది. ఎడమ ఒడ్డు ఇసుక మీద పేరిన మెత్తటి మట్టి. వంపు బయటి ఒడ్డునే ఏరు లోతుగా తవ్వుతుంది. అడుగున ఇసుక జారిపోతున్నా పైన మామిడితోట పచ్చగానే ఉంటుంది. ఒకనాడు ఒడ్డు వెంబడి నేలలో సన్నటి బీట కనబడుతుంది, తర్వాత చెట్లతో సహా పెళ్లలు విరిగి పడతాయి. వరద తీస్తున్నప్పుడు మరీను, నానిన ఒడ్డుకు నీటి ఆసరా కూడా పోతుంది కదా.

ప్రభుత్వం చేతులు ముడుచుకోలేదు. ఒడ్డు నుంచి ఏట్లోకి పొడుచుకొచ్చే రాతి కట్టలు కట్టింది, మన గోదావరి లంకల్లో గ్రోయిన్లనేవే అక్కడ స్పర్లు. తీగ వలల్లో రాళ్లు నింపి దించారు. స్పర్ కొసన సుడి తిరిగి గుంట పడితే రాళ్లు అందులోకి జారి కప్పెయ్యాలన్నది లెక్క. గుంట రాళ్లకు అందనంత లోతైతే కొసే ముందు కూలుతుంది. గట్టు తెగితే వెనక ఇంకో గట్టు. కొత్త గట్టుకు ముగ్గు పోసినప్పుడల్లా, దానికీ ఏటికీ నడుమ ఊళ్లను వదులుకున్నట్టే. ఈ కోత సంగతి చూడమని 1980లో ప్రీతమ్ సింగ్ కమిటీ, 1996లో కేస్కర్ కమిటీ వేశారు. 1998లో గట్టు తెగి మాల్దా మునిగింది.

కాలియాచక్ దగ్గర కె.బి. ఝౌబొనా పంచాయతీకి పంచాయతీయే పోయింది. అవతలి వైపు లంకలు లేచాయి, నిరాశ్రయుల్లో కొందరు వెళ్లి అక్కడే గుడిసెలు వేసుకున్నారు. పోయిన పొలాలు బెంగాల్‌వి, లేచిన నేల మీద పాలన జార్ఖండ్‌ది.