బిల్లు లేకుంటే వాపసు లేదు: ఈ మాట ఎప్పుడు వచ్చింది?

కుప్పం దగ్గర మా గ్రామ సంఘంలో ఒక అక్క అంతర్గత అప్పు తీసుకొని కుట్టుమిషన్‌కు మోటారు కొనింది. ఇరవై రోజులు తిరగకముందే మోటారు కాలిపోయింది. అంగడికి తీసుకొనిపోతే, "బిల్లు ఏదమ్మా? బిల్లు లేకుంటే మేమేం చేసేది?" అన్నారు. బిల్లు ఇవ్వనిది వాళ్లే. కొన్నరోజు అడిగితే "బిల్లు కావాలంటే టాక్సు పడుతుంది, ఊరికే ఎందుకక్కా" అన్నారంట. మోటారు మూలన పడింది. అప్పు వాయిదా మాత్రం నెలనెలా నడుస్తానే ఉంది. మీటింగులో వాయిదా కట్టలేక ఆమె తల వంచుకొని కూర్చున్నప్పుడు గానీ మాకీ సంగతి తెలియలేదు.

ఆ మీటింగులోనే ఒక పెద్దామె అడిగింది: "మా అమ్మ కాలంలో ఏ శెట్టి బిల్లిచ్చినాడు? అయినా చెడిపోయిన సరుకు మార్చి ఇస్తా ఉండ్రి గదా!" ఈ ఏడాది చరిత్ర పేజీల్లో ఆ ప్రశ్ననే పట్టుకొని రాస్తున్నాం.

పెద్దామె చెప్పింది చాలావరకు నిజమే. 1958లో కిలోలు, లీటర్లు రావడం మొదలయ్యేదాకా మన సంతల్లో పడి, శేరు, వీశె లెక్కలే. సరుకు కొలిచి కొంగులో పోస్తే బేరం అయిపోయినట్టే. కాగితం ఉండేది, కానీ అది అంగడాయన దగ్గర ఉండే పద్దు పుస్తకం. అందులో రాసేది మన బాకీ. మన చేతికి ఏమీ వచ్చేది కాదు. వాపసు అనేది ముఖం చూసి జరిగేది. ఈమె ఫలానా ఇంటామె, వచ్చే పంటకు చెనక్కాయలు మనకే తెస్తుంది అనుకుంటే పురుగు పట్టిన కందులు మార్చి ఇచ్చేవాడు.

అట్లని అదంతా మంచి కాలమని మేము అనడం లేదు. బాకీ ఉన్న మనిషి కందులు వాపసు తెస్తే "ముందు పాత బాకీ తీర్చి మాట్లాడు" అంటే నోరు మూసుకొని రావాల్సిందే. అంగడి మెట్టు కూడా ఎక్కనీయని కులాల వాళ్లు వాపసు మాట ఎత్తేదెక్కడ? ముఖం మీద నడిచే న్యాయం అన్ని ముఖాలకూ ఒకే తీరుగా ఉండదు.

మరి ఈ బిల్లు ఎక్కడినుంచి వచ్చింది? అది పుట్టింది కొనేవాళ్ల కోసం కాదు. అమెరికాలో డేటన్ అనే ఊళ్లో జేమ్స్ రిట్టీ అని ఒకాయనకు మద్యం అంగడి ఉండేది. గల్లాపెట్టెలో దుడ్లు పనివాళ్లే కాజేస్తున్నారని ఆయన బాధ. ఓడ ప్రయాణంలో, ఓడ చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టే యంత్రాన్ని చూసి, అట్లాంటిదే అమ్మకాలకూ చేయొచ్చని ఆయనకు తోచింది. 1879లో తన గల్లా యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. తర్వాత దానికి కాగితం చుట్ట చేర్చినారు. అంటే యజమాని తన పనివాళ్ల మీద పెట్టుకున్న కాపలా అది. వాపసు ఇచ్చే పద్ధతి అంతకుముందే వేరే దారిలో వచ్చింది. పారిస్‌లో బాన్ మార్షే అనే పెద్ద అంగడి 1850ల నుంచి బేరం లేని ధరలు పెట్టి, నచ్చని సరుకు వెనక్కి తీసుకుంటూ జనాన్ని రప్పించుకునింది. అదీ వ్యాపారం పెంచుకునే ఉపాయమే.

మన దగ్గరికి వస్తే ఇందులో సారాయి కథ ఒకటి కలుస్తుంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పటి నుంచి 1953 దాకా మనం మద్రాసులో ఉన్నాం. రాజగోపాలాచారి ప్రభుత్వం 1937లో సేలంలో మద్య నిషేధం మొదలుపెట్టి, మరుసటి ఏడాది మన చిత్తూరు జిల్లాకు, కడపకు కూడా తెచ్చింది. సారాయి మీద వచ్చే ఆదాయం పోయింది. ఆ లోటు పూడ్చడానికి 1939లో అమ్మకం పన్ను వేసినారు. మామూలు సరుకులన్నిటి మీదా అట్లాంటి పన్ను వేయడం దేశంలో మద్రాసుదే మొదలు. అప్పటినుంచి అంగడి వాళ్ల లెక్క ప్రభుత్వానికి కావాల్సి వచ్చింది. బిల్లు రాస్తే పన్ను, రాయకుంటే మిగులు. మోటారు అమ్మినాయన అన్న "బిల్లు కావాలంటే టాక్సు పడుతుంది" అనే మాటకు వేరు అక్కడుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం నుంచే మన పొదుపు సంఘాలు పెరిగినాయని మనకు తెలుసు. అంతకు యాభై ఏళ్ల ముందే సారాయి ఆపినందుకు మన జిల్లాలో బిల్లు లెక్కలు మొదలైనాయని ఇది రాసేటప్పుడే మేమూ తెలుసుకున్నాం.

ఇక చట్టం ఏమంటుంది? సరుకుల అమ్మకం చట్టం 1930లోనే వచ్చింది. నోటిమాటతో జరిగిన అమ్మకం కూడా అమ్మకమేనని అందులో ఉంది. అంటే బిల్లు లేనంత మాత్రాన మనం కొనలేదని కాదు. బిల్లు ఒక సాక్ష్యం, అంతే. కొన్నట్టు వేరే విధంగా చూపించగలిగితే మన హక్కు ఎక్కడికీ పోదు.

1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది. వ్యాపారానికి కొన్నవాళ్లకు ఇది వర్తించదనేవాళ్లు. 1993లో దాన్ని సవరించి, సొంతంగా పని చేసుకొని బతకడానికి కొన్న వస్తువైతే వాళ్లూ వినియోగదారులేనని స్పష్టం చేసినారు. కుట్టుమిషన్, గ్రైండర్ కొని బతికే మనలాంటివాళ్లకు ఇది పెద్ద మాట. ఆ పాత చట్టం స్థానంలో 2019 చట్టం వచ్చి, 2020 జూలై 20 నుంచి అమలవుతోంది. ఇందులో రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న సరుకు వెనక్కి తీసుకొని డబ్బులివ్వకపోవడం కూడా అంతే. దానికి బిల్లులో గడువు రాసి ఉంటే ఆ లోపల, ఏమీ రాయకుంటే 30 రోజుల లోపల. లోపమున్న సరుకు సంగతే ఇది. చీర రంగు నచ్చలేదు, ఇంట్లో వద్దన్నారు అంటే అది అంగడాయన మంచితనం మీద ఆధారపడిన విషయం.

సాక్ష్యం చేతిలో లేకుంటే ఎట్లా అనే ప్రశ్న సుప్రీంకోర్టు దాకా పోయింది, అదీ మన ఆంధ్ర రైతుల కేసులోనే. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ విత్తనాలు సరిగా మొలవక, పంట దెబ్బతిని రైతులు వినియోగదారుల ఫోరానికి పోయినారు. విత్తనాన్ని ల్యాబులో పరీక్ష చేయించలేదు కాబట్టి కేసు నిలవదని సంస్థ వాదించింది. రైతు కొన్న విత్తనమంతా చల్లేస్తాడు, పరీక్ష కోసం దాచిపెట్టుకోమనడం కుదరదని 2012 జనవరిలో కోర్టు చెప్పింది. పొలం చూసి ఇచ్చిన రిపోర్టులతోనే రైతులు గెలిచినారు. టమాటా నారు, చెనక్కాయ విత్తనం కొనే మన సభ్యులకు ఈ కేసు తెలిసి ఉండాలి.

అంగడి వాళ్ల భయం కూడా ఉత్తది కాదు. పుంగనూరులో కొన్నదాన్ని కుప్పంలో వాపసు ఇస్తామని వచ్చేవాళ్లు ఉంటారు. అంతెందుకు, మన సంఘాల అప్పుతో చిల్లర అంగళ్లు పెట్టుకున్న సభ్యులు ఎంతమంది లేరు! వాళ్లలో ఎందరు బిల్లు ఇస్తున్నారని అడిగితే మేమే చూపు తిప్పుకోవాలి. జీఎస్టీలో నమోదైన అంగడి కూడా 200 రూపాయల లోపు సరుకుకు, కొనేవాళ్లు అడగకుంటే బిల్లు ఇవ్వకపోవచ్చు. అడిగితే ఇవ్వాలి. నమోదు కాని చిన్న అంగడి అయినా తేదీ, సరుకు, ధర ఒక చీటీ మీద రాసి సంతకం పెట్టిస్తే రేపు ఇద్దరికీ పేచీ ఉండదు.

మోటారు సంగతికి వస్తాం. అప్పు తీర్మానం తేదీతో సహా మినిట్స్ పుస్తకంలో ఉంది, "కుట్టుమిషన్ మోటారు కొనుగోలుకు" అని. ఆమె సగం రొక్కం ఇచ్చి, మిగతా సగం కూతురి ఫోన్ నుంచి పంపింది. ఆ మెసేజ్‌లో అంగడి పేరు, రోజు, టైము ఉన్నాయి. మోటారు మీద నంబరు చెరగలేదు. బిల్లు కాగితమైతే ఈపాటికి తెల్లబడిపోయేదేమో. ఈ కాలపు యంత్రం బిల్లులు వేడికి మాసిపోతాయి, అందుకే ఇంటికి రాగానే ఫోటో తీసుకోమని మేము చెప్తాం. ప్రతి రూపాయీ పుస్తకంలో రాయాలని పంచసూత్రాల్లో నేర్చుకున్నది అప్పు కోసమే అనుకున్నాం గానీ, అది అంగట్లో పనికొస్తుందని ఎవరం అనుకోలేదు.

నలుగురం మినిట్స్ పుస్తకం తీసుకొని పోయినాం. గొడవ చేయలేదు. పుస్తకం తెరిచి చూపించినాం, ఫోన్ చూపించినాం. 1915కు ఫోన్ చేస్తామనీ, జిల్లా కమిషన్‌లో 5 లక్షల లోపు సరుకుకు ఫీజు లేదనీ, వకీలు అక్కర్లేదనీ, రెండేళ్ల దాకా గడువు ఉందనీ ఒకామె నెమ్మదిగా చెప్పింది. ఆయన కాసేపు ఎటో చూసి, మోటారు తీసుకొని లోపల పెట్టినాడు. కంపెనీకి పంపాలన్నాడు. పది రోజులకు వేరే మోటారు ఇచ్చినాడు, ఈసారి బిల్లుతో.

ఆమె అప్పులో ఇంకా నాలుగు వాయిదాలు ఉన్నాయి. ఈ నెలది కట్టింది.