శల్యసారథ్యం: పికప్ ట్రక్కు స్టీరింగు కథ

శల్యసారథ్యం అన్న మాటలో ఉన్న పదును మన భాషలో మరే మాటకూ లేదేమోననిపిస్తుంది నాకు. ఎదురుగా కూర్చుని, పగ్గాలు చేతబట్టి, సాయం చేస్తున్నట్టే కనిపిస్తూ, అవసరం ముంచుకొచ్చిన ఘడియలో రథికుని బలాన్ని హరించినవాడు శల్యుడు. అమెరికా పికప్ ట్రక్కులలోని విద్యుత్ పవర్ స్టీరింగు గురించి చదువుతున్నంతసేపూ ఈ మాటే మనసులో మెదిలింది. పోలిక పూర్తిగా అతకదని ముందే మనవి చేసుకుంటున్నాను. శల్యుడు బుద్ధిపూర్వకంగా చేశాడు, యంత్రానికి ద్వేషం తెలియదు. అయినా మలుపు మధ్యలో చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోయిన మనిషికి ఆ భేదం తోచదు.

చక్రాన్ని తిప్పడానికి మనిషికి యంత్రం తోడు నిలవాలన్న ఆలోచన పుట్టింది ట్రక్కుల వల్లనే. ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజనీరు బఫెలో నగరంలోని పియర్స్ యారో కంపెనీలో ట్రక్కుల విభాగంలో పనిచేసేవాడు. బరువెక్కిన ట్రక్కును మలుపు తిప్పడం ఆ రోజుల్లో మల్లయుద్ధం లాంటిది. రోడ్డు మీది గుంతలో చక్రం పడితే ఆ దెబ్బ నేరుగా డ్రైవరు చేతికి వచ్చి తగిలేది. డేవిస్ 1922లో ఉద్యోగం వదిలి, మసాచుసెట్స్ రాష్ట్రంలోని వాల్తమ్‌లో ఒక చిన్న కార్ఖానా అద్దెకు తీసుకుని, ఒక పనిముట్ల నిపుణుణ్ణి తోడు పెట్టుకుని పనిలో దిగాడు. నూనె ఒత్తిడితో చక్రం తిప్పవచ్చునని అంతకుముందు ఆలోచించినవారు లేకపోలేదు. అయితే వారి పద్ధతిలో నూనెను ఎల్లప్పుడూ ఒత్తిడిలోనే నిలిపి ఉంచాలి, దానితో అతుకులన్నీ కారిపోయేవి. డేవిస్ దీన్ని తలకిందులు చేశాడు. మామూలు వేళల్లో కవాటం తెరిచే ఉంటుంది, నూనె ఊరికే తిరుగుతూ ఉంటుంది. డ్రైవరు చక్రం తిప్పినప్పుడే కవాటం మూసుకుని ఒత్తిడి పుడుతుంది. చెప్పుకుంటే ఇంతే, కానీ ఆ తరువాత డెబ్బై ఎనభై ఏళ్లపాటు లోకమంతా నడిచింది ఈ కిటుకు మీదనే.

తన సాధనాన్ని బిగించిన పియర్స్ యారో కారును 1926లో డేవిస్ స్వయంగా డెట్రాయిట్‌కు నడుపుకుంటూ వెళ్లి చూపించాడు. జనరల్ మోటార్స్ ముచ్చటపడి ఒప్పందం చేసుకుంది. ఇంతలో ఆర్థిక మాంద్యం వచ్చిపడింది. ఖర్చుకు తగిన అమ్మకాలు ఉండవని లెక్కలు వేసి 1934లో ఆ ఒప్పందాన్ని రద్దు చేసింది. పిమ్మట బెండిక్స్ కంపెనీతో కుదిరినా కార్లలోకి మాత్రం ఆ సాధనం రాలేదు. రెండవ ప్రపంచయుద్ధంలో సైనిక వాహనాల బరువు మనుషుల చేతులకు లొంగక, వాటికి దీన్ని బిగించారు. చివరకు 1951లో క్రైస్లర్ తన ఇంపీరియల్ కారులో పవర్ స్టీరింగును జనానికి అమ్మింది. అప్పటికి డేవిస్ తొలి పేటెంట్లకు కాలం చెల్లింది. అంతవరకూ ఊరుకున్న జనరల్ మోటార్స్ మరుసటి ఏడాదే కాడిలాక్‌లో డేవిస్ పద్ధతిని ప్రవేశపెట్టింది. పాతికేళ్ల పాటు అటకమీద పడివున్న వస్తువు పొరుగువాడు అమ్మగానే అత్యవసరమైపోయింది!

నూనెతో నడిచే ఆ స్టీరింగును నేనెరుగుదును. టెక్సాస్‌లో నేను అద్దెకున్న ఇంటి యజమాని దగ్గర ఒక పాత పికప్ ఉండేది. ఇల్లు మారేటప్పుడు సామాను వేసుకోవడానికి ఇచ్చాడు. తాళంచెవి చేతిలో పెడుతూ ఒక నూనె డబ్బా కూడా ఇచ్చి, చక్రం పూర్తిగా తిప్పినప్పుడు పంపు మూలిగితే ఇంత పొయ్యమన్నాడు. ఆ బండి నిలిచేచోట నేల మీద అరచేతంత మరక ఎప్పుడూ ఉండేది. మరక పెద్దదైన కొద్దీ మూలుగు పెరిగేది, చక్రం రోజురోజుకీ కొంచెం కొంచెం బరువెక్కేది. ఆయన దాన్నొక రోగంలాగా కాక వృద్ధుని దగ్గులాగా వినేవాడు. తరవాత కొన్న కొత్త బండిలో విద్యుత్ స్టీరింగు ఉన్నదని, పంపు లేదని, కారేందుకు నూనే లేదని గొప్పగా చెప్పి, వెంటనే "దీనికేమైనా అయితే నాకెట్లా తెలుస్తుంది?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేకపోయింది.

విద్యుత్ పద్ధతి పుట్టుక ఇందుకు పూర్తిగా వ్యతిరేకమైన చోట జరిగింది. నూనె పంపును ఎడతెగక తిప్పుతుండే బాధ్యత ఇంజనుది. బండి తిన్నగా పోతున్నా ఆ ఖర్చు తప్పదు. పెద్ద అమెరికను ఇంజనుకు అది లెక్కలోనిది కాదు గాని, జపాను చిట్టి కార్లకు మోయలేని భారం. అందుకే 1988లో సుజుకీ తన సెర్వో అనే బుల్లి కారుకు, కోయో కంపెనీ తోడ్పాటుతో, విద్యుత్ మోటారు స్టీరింగును పెట్టింది. చక్రం కింది కడ్డీ ఎంత మెలిపడిందో ఒక గ్రాహకం కొలుస్తుంది. ఆ కొలతను బట్టి చిన్న కంప్యూటరు మోటారుకు ఆజ్ఞ ఇస్తుంది. తిప్పినప్పుడు మాత్రమే ఖర్చు. ఈ విధంగా, ట్రక్కు డ్రైవరు భుజాల కోసం పుట్టిన నూనె పద్ధతి పైనుంచి కిందికి దిగగా, అల్పప్రాణి కోసం పుట్టిన విద్యుత్ పద్ధతి కిందినుంచి పైకి ఎక్కింది. ట్రక్కుల వద్దకు అది వచ్చేసరికి ఇరవై ఏళ్లు దాటింది.

ఆలస్యానికి కారణం బరువే. ముందు ఇరుసు మీద ఇంజను భారమంతా మోసే ట్రక్కును నిలిచినచోట తిప్పాలంటే పన్నెండు వోల్టుల మోటారుకు వంద ఆంపియర్ల దరిదాపుల్లో విద్యుత్తు కావాలి. అందువల్ల మోటారును చక్రం దగ్గర కాక కింద ర్యాకుకే బిగించి, బెల్టుతో నడిపే పద్ధతి తెచ్చారు. ఫోర్డ్ ఎఫ్-150 2011 మోడలుకు, రామ్ 1500 2013 మోడలుకు, షెవ్రోలే సిల్వరాడో, జీఎంసీ సియెరా 1500లు 2014 మోడలుకు ఈ దారి పట్టాయి. టొయోటా టండ్రా 2022 దాకా ఆగింది. ఇంధనం ఆదా కావడమే ప్రధానమైన ప్రేరణ.

యజమానుల అనుభవం మొదట్లో రెండుగా చీలింది. ఏటవాలు రోడ్డు మీద, అడ్డగాలిలో, బండి ఒక పక్కకు లాగుతుంటే కంప్యూటరే ఆ లాగుడును సరిచేసేది. దూరప్రయాణాలు చేసేవారికి చేతుల నొప్పి తగ్గింది. ట్రెయిలరును వెనక్కి నడపడం అనే గొప్ప కష్టాన్ని ఫోర్డ్ 2016 మోడలులో ఒక చిన్న గుండీ తిప్పడంగా మార్చింది. మోటారు లేకపోతే అది సాధ్యమయ్యేది కాదు. మరోపక్క పాతకాలపు ట్రక్కులవారు నేల స్పర్శ పోయిందని గొణిగారు. నున్నటి రోడ్డో కంకర రోడ్డో చేతికి తెలియడం లేదన్నది వారి మాట. ఇది ముసలివారి చాదస్తమని నేను కొట్టిపారెయ్యలేను. చేతికి తెలియడమన్నది పరిజ్ఞానమే కదా.

అసలు చిక్కు వేరు. 2017లో జనరల్ మోటార్స్ 2014 మోడలు సిల్వరాడో, సియెరా 1500 ట్రక్కులను అమెరికాలో ఏడు లక్షలకు కొంచెం తక్కువగా వెనక్కి పిలిచింది. మెల్లగా మలుపు తిరుగుతున్నప్పుడు వోల్టేజి ఒక్క క్షణం పడిపోయి, స్టీరింగుకు సాయం ఆగి, మళ్లీ అంతలోనే తిరిగి వస్తున్నదట. మరుసటి ఏడాది 2015 మోడలు పికప్పులకు, వాటి ఛాసీ మీది ఎస్‌యూవీలకు కలిపి సుమారు పది లక్షల బండ్లకు ఇదే కారణం మీద మరో పిలుపు వచ్చింది. పరిహారంగా చేసింది కేవలం సాఫ్ట్‌వేర్ మార్పు.

ఈ లోపపు తీరు గమనించదగినది. బండి మెల్లగా ఉన్నప్పుడే చక్రం తిప్పడం అత్యంత కష్టం, మోటారు దాహం అప్పుడే అత్యధికం. ఇంజను మెల్లగా తిరుగుతుండడం వల్ల ఆల్టర్నేటరు ఇవ్వగలిగింది అప్పుడే అత్యల్పం. సాయం పోవడం కన్నా అది తిరిగి రావడం ఇంకా ప్రమాదకరం. బిగుసుకున్న చక్రాన్ని మనిషి ప్రాణభయంతో బలమంతా పెట్టి లాగుతున్న క్షణంలో మోటారు మేలుకుంటే, ఆ బలానికి ఈ బలం తోడై బండి అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ తిరుగుతుంది. శల్యుడు కూడా ఇంత చెయ్యలేదు!

పవర్ స్టీరింగు లేని పూర్వపు ట్రక్కులను నడిపేవారు కదా, సాయం పోతేనేమి అని అడగవచ్చు. ఆ ట్రక్కులు చేతుల కోసమే కట్టినవి. చక్రం విశాలంగా ఉండేది, ఒక కొస నుంచి మరో కొసకు పోవడానికి ఎన్నో చుట్లు తిప్పవలసి వచ్చేది. చుట్లు ఎక్కువైనకొద్దీ బలం తక్కువ చాలుతుంది. సాయం ఎప్పుడూ ఉంటుందన్న నమ్మకంతో తరవాతివారు చక్రాన్ని చిన్నది చేశారు, చుట్లు తగ్గించారు. కనుక మోటారు ఆగితే మనం డేవిస్ కాలానికి చేరుకోము, అంతకన్నా అధ్వాన్నమైన చోటికి చేరుకుంటాము. పైగా ఆగిన మోటారును కూడా మనమే తిప్పాలి.

అమెరికా రహదారి భద్రతా సంస్థకు యజమానులు పంపే ఫిర్యాదులను ఎవరైనా చదువుకోవచ్చు. చక్రం తాళం వేసినట్టు అయిందని, మరునిమిషం ఏమీ ఎరగనట్టు నడిచిందని వ్రాసినవారి సంకటాన్ని కొంచెం ఊహించండి. నేల మీద మరక లేదు, మూలుగు లేదు, మెకానిక్కుకు చూపించడానికి ఏమీ మిగలలేదు. తన మాట తప్ప వేరే సాక్ష్యం లేదు. ఒకరి మాటను భ్రమ అనవచ్చును. అటువంటి మాటలు పోగుపడితే గాని అది లోపమని నమోదు కాదు.

2023 చివర అమ్మకానికి వచ్చిన టెస్లా సైబర్‌ట్రక్కులో చక్రానికీ రోడ్డు మీది చక్రాలకూ నడుమ లోహపు బంధమే లేదు, తీగ మాత్రమే ఉంది. ఒక మోటారు చెడినా రెండవది నడిపేటట్టు ముందు చక్రాలకు జంట మోటార్లు పెట్టారు, పన్నెండు వోల్టులను నలభై ఎనిమిది చేశారు. వోల్టేజిని నాలుగింతలు చేస్తే అదే బలానికి విద్యుత్ ప్రవాహం నాలుగో వంతు చాలుతుంది. 2014 మోడలు యజమానులు పార్కింగు స్థలాల్లో పడ్డ పాట్లకు జవాబు కొంత అక్కడ కనబడుతుంది. మా పాత ఇంటి యజమాని ఇంకా ఆ మూలిగే ట్రక్కును అమ్మలేదని, కొత్తదాని పక్కనే నిలిపి ఉంచాడని ఈమధ్యనే విన్నాను.