తినేవాళ్లుంటేనే విత్తనం

1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం ఇవ్వడం మొదలుపెట్టింది. ఎంతోమంది పేదల కడుపు నింపిన పథకం అది, తప్పుపట్టలేం. కానీ జహీరాబాద్ లాంటి మెట్ట ప్రాంతాల్లో బియ్యం ఇంటికొచ్చిన కొద్దీ జొన్నరొట్టె తగ్గింది. తినేవాళ్లు లేని పంట ఎవరు వేస్తారు? చెలకలు బీడుపడ్డాయి. ఏళ్ల తరబడి విత్తకుండా ఉంచితే విత్తనానికి మొలిచే శక్తి పోతుంది. పచ్చజొన్న, కొర్ర, సామ అలాగే ఇళ్లలోంచి మాయమవుతూ వచ్చాయి.

అదే 1983లో జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పుట్టింది. వ్యవస్థాపకుల్లో ఒకరు దూరదర్శన్‌లో పనిచేసి వచ్చిన పి.వి. సతీష్. ఊరూరా ఏర్పడిన సంఘాల్లో ఎక్కువమంది దళిత మహిళలు, చారెడు రాళ్లనేల ఉన్నవాళ్లు. ముందు ఆ నేలను సాగుకు తెచ్చారు. ఆ తర్వాత విత్తనాలు వెతికి విత్తన బ్యాంకులు పెట్టారు. అక్కడ డబ్బుతో పని లేదు. తీసుకున్న గింజలకు పంట వచ్చాక రెట్టింపు కొలిచి ఇవ్వాలి, అంతే. ఆ రెట్టింపుతోనే మరో ఇంటికి విత్తనం అందుతుంది. బుట్టలను పేడతో అలికి, గింజల్లో బూడిద, వేపాకు కలిపి దాస్తారు. బూడిద తేమను పీల్చుకుంటుంది, వేపాకు పురుగును రానివ్వదు.

అయితే బుట్టలో దాచినంత మాత్రాన విత్తనం బతకదని ఈ మహిళలకు తెలుసు. తొంభైల నడుమ సొంత రేషన్ మొదలుపెట్టారు. బీడు బాగుచేసుకోవడానికి రైతుకు అప్పిచ్చి, దాన్ని ఏటా కొంత చొప్పున జొన్నల రూపంలో తీసుకున్నారు. ఆ జొన్నలను ఊళ్లోనే నిల్వచేసి, పని దొరకని నెలల్లో పేద ఇళ్లకు తక్కువ ధరకు ఇచ్చారు. ఎవరు పేదలో ఊరివాళ్లే కూర్చుని తేల్చారు. ఈ కథలో అసలైన ఆవిష్కరణ ఇదేనని నా నమ్మకం. బీడు, విత్తనం, ఆకలి అనే మూడు చిక్కులను ఒకే ముడిగా చూసి విప్పారు.

వానలు గతి తప్పుతున్న ఈ రోజుల్లో ఆ చెలకలు చూడాలి. ఒక్క చెలకలోనే జొన్న, సజ్జ, కొర్ర, కంది, పెసర, అనుములు. మూడు నెలల్లో కొర్ర చేతికొస్తుంది. కంది వేరు లోతుకు దిగి ఆరు నెలలు నిలుస్తుంది. వాన ఎప్పుడు మొహం చాటేసినా అన్నీ ఒక్కసారే పోవు. యాసంగిలో నల్లరేగడిలో శనగ, కుసుమ నేలలో మిగిలిన తేమతోనే పండుతాయి. కోతకు ముందే మంచి కంకులు చూసి విత్తనానికి ఏరి పెడతారు. అంటే ఆ ఏటి ఎండకు తట్టుకున్న మొక్కే మరుసటేటికి తల్లి. శీతల గిడ్డంగిలో భద్రంగా ఉన్న విత్తనానికి ఈ అనుభవం దొరకదు.

ఏటా సంక్రాంతికి ఎడ్లబండ్ల మీద విత్తనాలతో ఊరూరా తిరిగే పాత పంటల జాతర వీళ్లదే. 2008లో మాచ్‌నూర్‌లో మొదలైన సంఘం రేడియో కూడా వీళ్లదే. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వీళ్ల సొసైటీకి ఈక్వేటర్ ప్రైజ్ ఇచ్చింది. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది, సతీష్ కన్నుమూసింది ఆ ఏడాది మార్చిలోనే.

బియ్యం, గోధుమలతోపాటు చిరుధాన్యాలను కూడా రేషన్‌లో ఇవ్వొచ్చని 2013 నాటి ఆహార భద్రత చట్టంలోనే ఉంది. మన రేషన్ షాపుల్లో ఇప్పటికీ ప్రధానంగా దొరికేది బియ్యమే. జొన్న పండే జిల్లాలో జొన్నలే కొని, అక్కడే కార్డుల మీద ఇస్తే ఆ చెలకలను నిలబెట్టడానికి వేరే పథకం అక్కర్లేదు.