వడ్రంగి చేసిన ఓడగడియారము



మన పంచాంగములలో దేశాంతర సంస్కారమను మాట మీరు వినియే యుందురు. తూర్పు గ్రామమున సూర్యుడు ముందుగా నుదయించును. రేఖాంశము ఒక్క భాగ, అనగా డిగ్రీ, మాఱినచో నాలుగు నిమిషముల యంతరము. మన సిద్ధాంతులు ఉజ్జయినీ రేఖను మూలముగా గొని యీ లెక్క చేసిరి. అరుగుపై గూర్చున్నవానికి ఇది సులభమే. నడిసంద్రమున నోడ నడుపువాని గతి యేమి? సూర్యుని జూచి తానున్నచోటి మధ్యాహ్నము నెఱుగగలడు. బయలుదేఱిన రేవున నప్పుడెంత ప్రొద్దయినదో వానికెవరు చెప్పుదురు?

1707లో ఆంగ్లేయుల యుద్ధనౌకలు నాలుగు, తామున్న తావు సరిగా దెలియక, సిల్లీ దీవుల రాళ్లపై బడి పగిలెను. వేయిమందికి పైగా మడిసిరి. 1714లో పార్లమెంటువారు, అర డిగ్రీలోపల రేఖాంశము దెలుపు నుపాయమునకు 20,000 పౌనుల బహుమానము ప్రకటించిరి.

జాన్ హారిసన్ 1693లో బుట్టిన వడ్రంగి, పెద్దచదువు లెఱుగడు. ఊగు నోడలో లోలకము నిలుకడగా నాడదు; వేడికి లోహము సాగును; చలికి నూనె చిక్కబడును. ఇన్నిటికిని విరుగుడు కావలెను. 1735లో ముగించిన మొదటి యంత్రము పెద్దది, బరువైనది. లోకము మెచ్చినను అతడు మెచ్చలేదు. మూడవదానికి 19 ఏండ్లు పట్టెను. ఇత్తడి యుక్కు రేకులను జోడించి, వేడిమి మార్పునకు దానంతట తానే సవరించుకొను నేర్పు అందు గలదు. నడుమ 1749లో రాయల్ సొసైటీవారు కాప్లీ పతకమిచ్చిరి. 1759లో సిద్ధమైన నాల్గవదో, 5 అంగుళములకు మించిన వెడల్పు గల జేబుగడియారము వంటిది! 1761లో అతని కుమారుడు విలియం దానిని జమైకాకు గొనిపోయెను. నిత్యభేదమును దీసివేయగా, 81 దినములలో దాదాపు 5 సెకనులే తప్పెను.

అయినను బహుమానము చేతికి రాలేదు. చంద్రగతిని బట్టి లెక్కించుటయే మేలనువారు పరీక్షకులలో నుండిరి. ఒక్కడు చేసినదానిని పదుగురు చేయగలరా యను వారి సందేహ మన్యాయము గాదు. నేనును లెక్కలపంతులనే, కాని యీ వివాదమున వడ్రంగి పక్షమే నాది. 1764లో మఱల పరీక్షించియు, రహస్యమంతయు విప్పి చూపిన పిదపనే 1765లో సగమిచ్చిరి. కెండాల్ చేసిన ప్రతిరూపము 1772లో కుక్కు దొర వెంట బయలుదేఱి సముద్రములు చుట్టివచ్చెను. రాజైన మూడవ జార్జి పూనుకొనగా, 1773లో పార్లమెంటు మఱి 8,750 పౌనులిచ్చెను. అప్పటికి హారిసన్‌కు 80 ఏండ్లు. 1776లో మృతినొందెను.

ఆ గడియారములు నాలుగును గ్రీనిచ్ వేధశాలలో నున్నవి. మొదటి మూడును నేటికిని నడుచుచున్నవి. నాల్గవదానిని మాత్రము, అరిగిపోవునను భయముచే, ఆపియుంచిరి.