గుడ్డబైండు నోటుపుస్తకము

మడచి కుట్టిన కాగితపు ఫారములకు, గుడ్డ అంటించిన గట్టి అట్టలను తొడిగి, యంత్రసహాయము లేక చేతులతోనే కూర్చుకొను వ్రాతపుస్తకమునకు గుడ్డబైండు నోటుపుస్తకమని పేరు. కాగితముల దుకాణములో దొరకు అట్టయు, దారమును, జిగురును, దర్జీ కొట్టులో మిగిలిన గుడ్డపేలికయు ఉన్నచో ఒక మనిషి రెండు దినములలో దీనిని పూర్తిచేయవచ్చును. అందును సగమునకు మించిన కాలము తడి ఆరుటకై వేచియుండుటలోనే గడచును. ఈ వ్యాసమునందు అనంతపురము జిల్లాలోని గుంతకల్లు ప్రాంతమును దృష్టియందుంచుకొని ఈ పనిని వివరించుటకు కారణము కలదు. గుడ్డ పుస్తకమునకు తొడుగు కాకమునుపు ఈ సీమలో అదియే పుస్తకమై యుండెను.

కడితము: నూలుగుడ్డను చింతగింజల అంబలితో తడిపి, బొగ్గుపొడితో నల్లగా మెత్తి, ఆరిన పిదప మడతలు మడతలుగా మడచి, వర్తకులును కరణములును లెక్కలు వ్రాసికొను సాధనముగా వాడుకొనిరి. దీనిని తెలుగున కడితమనియు, కన్నడమున కడతమనియు అందురు. దీనిపై బలపముతో వ్రాసెడివారు. నల్లని నేలపై తెల్లని అక్షరములు పలకమీదివలెనే కనబడును. పలక విరిగిపోవును గాని కడితము విరుగదు, చంకలో పెట్టుకొని సంతకు పోవచ్చును. 1852లో వెలువడిన బ్రౌను నిఘంటువున ఈ మాట చేరినది. శృంగేరి మఠమున కడితములు వందలకొలదిగా నిలిచియుండుట పండితులెఱిగినదే. అలెగ్జాండరుతో వచ్చిన నౌకాధిపతి నియార్కసు, భారతీయులు దట్టముగా నేసి సాపుచేసిన నూలుగుడ్డపై ఉత్తరములు వ్రాయుదురని చెప్పినట్లు స్ట్రాబో గ్రంథమువలన తెలియుచున్నది. కాబట్టి క్రీస్తునకు పూర్వము నాల్గవ శతాబ్దమునాటికే గుడ్డపై వ్రాత ఈ దేశమున వాడుకలో నుండెను. అనంతపురము జిల్లా 1882లో ఏర్పడువఱకు ఈ భూభాగమంతయు బళ్ళారి జిల్లాలోనిదే యగుటచే, కన్నడ వర్తకుల కడతమును తెలుగు కరణముల కడితమును ఒకే సంతలో ప్రక్కప్రక్కన విప్పబడియుండునని వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఇందు గమనింపదగిన సూక్ష్మ మొకటి యున్నది. నేసిన గుడ్డ స్వభావతః కన్నములమయము. పడుగుపేకల నడుమ సందులుండును. తడిగా నున్న దేదియైనను ఆ సందులగుండ అవతలికి దిగిపోవును. చింతగింజల పిండి ఆ కన్నములను పూడ్చి, గుడ్డకు పలకవంటి తలమును కల్పించినది. ఇదే సూత్రమును మఱియొక ప్రయోజనమునకై లండనులో ఆర్చిబాల్డు లైటన్ అను బైండరు 1820ల కాలమున ప్రయోగించెను. అంతకుముందు ఐరోపాలో పుస్తకములకు ఎక్కువగా తోలో కాగితమో తొడిగెడివారు. నూలుగుడ్డకు గంజి దట్టముగా పట్టించి నొక్కినచో జిగురు పైకి ఉబికి మరకపడదని గుర్తించుటతో గుడ్డబైండింగు అచ్చుపుస్తకములకు సాధారణాచ్ఛాదనమైనది. నేడు బైండింగు కొట్లలో కాలికో అని పిలుచు గుడ్డ ఆ వంశమునకు చెందినదే. అచ్చట గోధుమ గంజి, ఇచ్చట చింతగింజల అంబలి. అచ్చట తొడుగు, ఇచ్చట పత్రము. పని మాత్రము ఒక్కటే. చేతితో నోటుపుస్తకము చేయువాడు ఈ సూత్రమును గ్రహించినచో తక్కినదంతయు ఓపికతో సాధింపదగినదే.

కాగితము చౌకయైన పిదప కడితము వెనుకబడి, చిట్టా ఆవర్జాలు కుట్టిన పుస్తకములైనవి. మార్వాడీ వర్తకుల ఎఱ్ఱగుడ్డ లెక్కపుస్తకములు, బహీలు, ఎల్లరును ఎఱిగినవే. ఇచట వర్తకమునకు తోడు రైల్వేయు కలదు. గుంతకల్లు బళ్ళారి, రాయచూరు, నంద్యాల, ధర్మవరము, రేణిగుంట వైపులకు మార్గములు చీలు పెద్ద జంక్షను. 1956లో ఇచట రైల్వే డివిజను ఏర్పడి, 1977లో దక్షిణ మధ్య రైల్వేలో చేరినది. రైల్వే ఉన్నచోట రిజిష్టరు ఉండును, రిజిష్టరు ఉన్నచోట వెన్నునకు గుడ్డ అంటించిన బైండు ఉండును. ప్రతిదినము పదుల సారులు తెఱచి మూయు పుస్తకమునకు కాగితపు వెన్ను నెల దినములైనను నిలువదు.

కాగితమును ఎంచుట: కాగితములోని నారలు తయారీలోనే ఒక దిక్కుగా పరుచుకొనును. ఆ దిక్కునకు మడచినచో మడత సాఫీగా పడును. అడ్డముగా మడచినచో గరగరలాడి పగులును. అట్ట, కాగితము, గుడ్డవెనుక అంటించు అస్తరు కాగితము అన్నిటి నారలును పుస్తకపు వెన్నునకు సమాంతరముగా నుండవలెను. దుకాణములో దొరకు ఎ4 కాగితములలో నారలు సాధారణముగా పొడవునకుండును గనుక దానిని సగమునకు మడచినచో దిక్కు తప్పును. పొడవునకు నారలున్న ఎ3 కాగితమును నడిమికి కోసి, ఆ ముక్కలను మడచినచో సరిపోవును. అనుమానమున్నచో చిన్నముక్కను ఒకవైపున తడిపి చూచునది. అది గొట్టమువలె చుట్టుకొనును; ఆ గొట్టపు పొడవు దిక్కే నారల దిక్కు.

నాలుగు కాగితములను ఒకదానిలో నొకటి చేర్చి మడచినచో పదునాఱు పుటల ఫారమగును. ఇట్టివి పది చేర్చినచో 160 పుటలు. మడతమీద దబ్బనముతో ఐదు రంధ్రములు పొడిచి, తేనెమైనము రాచిన గట్టి నూలుదారముతో ఒక ఫారమునుండి మఱియొక ఫారమునకు ముడివేయుచు కుట్టుకొనిపోవలెను. దారము బిగువుగా నుండవలెను, కాగితము చిరుగరాదు. ఈ రెంటి నడుమనున్న బిగువు చేతికే తెలియును. కుట్టిన కట్టను తిన్నగా తట్టి సరిచేసి, వెన్నుకు జిగురు పూసి, జల్లెడవంటి పలుచని గుడ్డను వెన్నుకన్న ఇరువైపుల రెండేసి సెంటీమీటర్లు మించునట్లు అంటింపవలెను. పుస్తకమును అట్టకు పట్టియుంచునది ఈ గుడ్డయే. చూపఱకు ఎన్నడును కనబడనిది.

జిగురు: బజారులో దొరకు ఫెవికాల్ త్వరగా పట్టును, తేమ తక్కువ, కాని ఒకసారి అంటినచో దిద్దుకొనుటకు వీలీయదు. మైదా పేస్టు నిదానముగా పట్టును, సర్దుకొనుటకు గడువిచ్చును. ఒక పాలు మైదాను నాలుగైదు పాళ్ళ చల్లని నీటిలో ఉండలు లేకుండ కలిపి, సన్నని సెగపై విడువక త్రిప్పుచు ఉడికింపగా, తెల్లదనము పోయి గాజువలె నిగ్గుతేలిన తరుణమున దింపవలెను. పురుగు పట్టకుండ చిటికెడు మైలుతుత్తము కలుపుట బైండరుల ఆచారము. అది విషము గనుక వంటపాత్రలో కలుపరాదు, పిల్లల చేతికి అందనీయరాదు. చింతగింజలను వేయించి పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి కాచిన అంబలియు ఇంత గట్టిగానే పట్టును. కొండపల్లి బొమ్మల పనివారు నేటికిని చింతగింజల పిండినే వాడుచున్నారు. అది కొంచెము గోధుమవన్నె నిచ్చును గావున లేతరంగు గుడ్డలకు పనికిరాదు.

గుడ్డ: కాలికో కొనినచో శ్రమ లేదు. కాని ఇంటిలోని రవికెగుడ్డ, పాతచీర కొంగు, చేనేత తువ్వాలు ముక్క వంటి వానిని పుస్తకమునకు తొడుగవలెననునదే ఈ పనియందలి ముచ్చట. ఉరవకొండ నూలు చేనేత ఇందుకు మిక్కిలి అనుకూలము. రాయదుర్గము జీన్సు కుట్టుపనికి ప్రసిద్ధము; అచటి కత్తిరింపుముక్కలు చౌకగా దొరకును, బలిష్ఠములు, అయితే మూలలయందు లావెక్కును. నేటి శ్రీ సత్యసాయి జిల్లాలోని ధర్మవరపు పట్టు కంటికి ఇంపు, చేతికి కష్టము. పట్టుపై పడిన పేస్టుచుక్క ఎన్నటికిని పోదు.

ఏ గుడ్డయైనను ముందు అస్తరు వేయక అంటింపరాదు. గుడ్డను ఉతికి గంజి వదల్చి, అద్దముపై గాని నున్నని నాపరాతిపై గాని మొగము క్రిందికి వచ్చునట్లు పఱచి, నీళ్ళు చిలుకరించి, చేతితో నిమిరి పడుగుపేకలను తిన్నగా దిద్దవలెను. పలుచని కాగితమునకు నీళ్ళపేస్టు పూసి, రెండు చేతులతో చెఱియొక కొన పట్టుకొని గుడ్డపై దించి, నడిమినుండి అంచులకు బ్రష్షుతో త్రోయవలెను. ఆ క్షణమున కాగితము క్రిందనుండి గుడ్డ అల్లిక చుక్కలు చుక్కలుగా పైకి తేలి కనబడును. ఆ చుక్కలు అంతటను సమముగా తేలినచో అస్తరు పట్టినట్లు, ఎచటనైన కాగితము నున్నగా మిగిలియున్నచో అచట గాలి చిక్కినట్లు. కడితమునకు చింతగింజల పూత చేసిన ఉపకారమునే ఇప్పుడు ఈ కాగితము చేయుచున్నది: అట్ట జిగురు గుడ్డ మొగమునకు రాకుండ అడ్డుకట్ట.

అట్ట తొడుగు: రెండు మిల్లీమీటర్ల మందముగల అట్టను తీసికొని, కాగితముకన్న ఎత్తున పైక్రిందుల మూడేసి మిల్లీమీటర్లు మించునట్లు రెండు పలకలను, కట్ట మందమునకు రెండట్టల మందము చేర్చిన వెడల్పున ఒక వెన్నుపట్టీని కోయవలెను. పలకకును వెన్నుకును నడుమ ఏడు మిల్లీమీటర్ల సందు విడువవలెను. ఈ సందు లేనిచో పుస్తకము తెఱచుకొనదు, ఎక్కువైనచో అట్ట వ్రేలాడును. తొలిసారి చేయువారు సాధారణముగా చెడగొట్టుకొనునది ఈ కొలతయే. గుడ్డ చుట్టును రెండేసి సెంటీమీటర్లు మిగులునట్లు అట్టలనంటించి, మూలలను అట్టమూలనుండి మూడు మిల్లీమీటర్ల దూరమున ఏటవాలుగా కత్తిరించి, ముందు పైక్రింది అంచులను, పిదప ప్రక్క అంచులను లోనికి మడువవలెను. మడుచునపుడు మూలవద్ద మిగిలిన చిన్న గుడ్డనాలుకను గోటితో లోనికి నొక్కినచో అట్ట బయట పడదు. తుదకు కట్టను తొడుగులో కూర్చుండబెట్టి, మొదటి చివరి పుటలకు పేస్టు పూసి అట్టలకు అంటింతురు.

అనంతపురమున ఏడాది వాన సుమారు 550 మిల్లీమీటర్లు. రెండు ఋతుపవనముల వానయు ఈ పీఠభూమికి చేరునప్పటికి పలుచబడును. గాలి పొడి. తీరప్రాంతమున రెండు దినములకు ఆరునది ఇచట ఎండకాలమున పూటలో ఆరును. ఆ తొందరయే చిక్కు. గుడ్డ పేస్టు తడికి సాగి, ఆరునపుడు ముడుచుకొని అట్టను తనవైపు లాగును. లోపలివైపు అంటిన కాగితము ఆ లాగుడును సమముగా ఎదుర్కొనవలెను. ఒకప్రక్క మాత్రము అతివేగముగా ఆరినచో అట్ట చేటవలె వంగును. ఈ వ్యాసకర్త ఏప్రిలు మాసపు మధ్యాహ్నమున కిటికీ ప్రక్కన విడిచిన అట్ట ఒకటి గంటలోనే అట్లు వంగి, ఎంత బరువు పెట్టినను తిన్నగా కాలేదు. ఇచటివారు ఈ పనిని సాయంకాలము మొదలుపెట్టి, అంటించిన పుస్తకమును పాతవార్తాపత్రికల నడుమ నుంచి, చదునైన పలకతో కప్పి, పైన నాపరాయి యెత్తి, ఫంకా గాలి తగులని గదిలో రాత్రియంతయు విడుచుట మంచిది. మొదటి గంటలో రెండుమూడు మారులు తడిసిన పత్రికలను మార్చి పొడివి పెట్టవలెను.

ఆరిన పుస్తకమును ఒక్కసారిగా నడిమికి విరిచి తెఱవరాదు, వెన్ను పగులును. బల్లపై వెన్నుమీద నిలిపి, ముందునుండి నాలుగు పుటలు, వెనుకనుండి నాలుగు పుటలు దించుచు, మడతవెంట వ్రేలితో నిమురుచు నడిమికి రావలెను. ఉగాదికో దీపావళికో క్రొత్తలెక్క మొదలుపెట్టువారు నాలుగు మూలలకు పసుపు రాయుదురు; అస్తరు వేసిన గుడ్డపై పసుపును నీటితో కలుపక పొడిగానే వ్రేలితో అద్దినచో మరక ప్రాకక, మూలవద్దనే చుక్కవలె నిలుచును.