సౌతాల్ రట్స్: మూడేళ్ల ముచ్చట

లండన్ పడమటి అంచున ఉన్న మా సౌతాల్‌లో పంక్ సంగీతం మాటెత్తితే పాతవాళ్లకు ముందు గుర్తొచ్చేది హాంబ్రో టావెర్న్ తగలబడిన రాత్రి. 1981 జూలై 3న స్కిన్‌హెడ్ బ్యాండ్ల కచేరీకి బయటి నుంచి వచ్చినవాళ్లు బ్రాడ్‌వే దుకాణాల మీద పడ్డారు. ఆసియా కుర్రకారు తిరగబడింది, పబ్బు బూడిదైంది. ఆ గొడవలో అంతకుముందే ఇక్కడ పుట్టిన మరో పంక్ పాట మరుగున పడింది. తెలుగువాడికి ఈ పంజాబీ ఊరి పంక్ గోల ఎందుకంటారా? ఉంటున్నది ఇక్కడే కదా.

ఆ పాట ద రట్స్ అనే బృందానిది. అది 1977లో మొదలైంది. పాట పక్కనున్న హేస్ కుర్రాడు మాల్కం ఓవెన్‌ది, గిటార్ పాల్ ఫాక్స్, బాస్ సెగ్స్ జెన్నింగ్స్, డ్రమ్స్ డేవ్ రఫీ. నలుగురూ తెల్లవాళ్లే అయినా రెగే వాళ్లకు వంటబట్టింది. 1979లో వాళ్ల తొలి రికార్డు 'ఇన్ ఎ రట్'ను తెచ్చింది పెద్ద కంపెనీ కాదు, మా ఊరి నల్లజాతి రెగే బృందం మిస్టీ ఇన్ రూట్స్ వాళ్ల పీపుల్ యునైట్ లేబుల్. ఆ తర్వాత వచ్చిన చార్టు అంకెల కంటే నాకిదే పెద్ద సంగతి.

ఆ ఏడాది ఏప్రిల్ 23న జాతివివక్ష పార్టీ నేషనల్ ఫ్రంట్ మా టౌన్‌హాల్‌లో సభ పెట్టింది. ఊరు అడ్డం తిరిగింది. న్యూజిలాండ్ నుంచి వచ్చిన టీచర్ బ్లెయిర్ పీచ్ తల మీద దెబ్బ తగిలి చనిపోయాడు. కొట్టింది పోలీసే అయి ఉంటాడని పోలీసుల సొంత నివేదికే చెప్పింది, అదీ 2010లో బయటపెట్టాక! పీపుల్ యునైట్ నడిచే ఇంట్లోకీ పోలీసులు చొరబడ్డారు. మిస్టీ మేనేజర్ క్లారెన్స్ బేకర్ పుర్రె చిట్లి కోమాలోకి వెళ్లాడు. అతని కోసం రట్స్ కట్టిన పాటే 'జా వార్'. పంక్ కేకలు మాని రెగే నడకలో నిదానంగా పాడారు. కోపం అందులోనే బాగా పలికింది.

జూన్‌లో విడుదలైన 'బాబిలన్స్ బర్నింగ్' బ్రిటన్‌లో 7వ స్థానానికి ఎక్కింది. తర్వాత 'ద క్రాక్' ఆల్బమ్. అంతలోనే ఓవెన్ హెరాయిన్‌కు చిక్కాడు. 1980 జూలై 14న హేస్‌లో, కన్నవాళ్ల ఇంట్లోనే పోయాడు. 26 ఏళ్లు.

మిగిలినవాళ్లు రట్స్ డీసీగా కొనసాగారు. రెగే నిర్మాత మ్యాడ్ ప్రొఫెసర్‌తో చేసిన డబ్ రికార్డు బాగుంటుంది, ఓవెన్ లేని వెలితి మాత్రం తెలుస్తూనే ఉంటుంది. 2007లో క్యాన్సర్ బారిన పడ్డ ఫాక్స్ కోసం కచేరీ పెడితే, ఓవెన్ పాటలను అమెరికన్ గాయకుడు హెన్రీ రోలిన్స్ పాడాడు. అక్టోబరులో ఫాక్స్ కూడా వెళ్లిపోయాడు. సెగ్స్, రఫీ మాత్రం ఆ తర్వాతా రట్స్ డీసీ పేరుతోనే ఆల్బమ్‌లు తెచ్చారు.