కొలిస్టిన్: అటకెక్కి దిగివచ్చిన ఔషధం

మందులకు లొంగని సూక్ష్మజీవుల గురించి మీరు పత్రికల్లో చదువుతూనే ఉంటారు. అట్టి జీవులపై వైద్యులు ఆఖరి ఆయుధంగా వాడే కొలిస్టిన్ కొత్త మందు కాదని మీలో ఎందరికి తెలుసు? 1940ల చివర జపానులో కోయామా అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు మట్టిలో నివసించే జాతికి చెందిన ఒక బాక్టీరియా నుండి దానిని వేరుచేశారు. తరువాతి దశాబ్దంలో అది చికిత్సలోకి వచ్చింది.

కొలిస్టిన్ ఒక పెప్టైడు, అంటే అమైనో ఆమ్లాల గొలుసు. మాంసకృత్తులూ ఇట్టి గొలుసులే గాని, చాలా పొడవైనవి. ఈ చిన్న గొలుసులో అధికభాగం ఉంగరంలా చుట్టుకొని ఉంటుంది. దానికొక కొవ్వు ఆమ్లపు తోక. ఈ పెప్టైడుకు ధనావేశం, ఇ.కోలై, క్లెబ్సియెల్లా వంటి గ్రామ్ నెగెటివ్ బాక్టీరియాల పైపొరకు ఋణావేశం. ఆ ఆకర్షణతో మందు పొరకు అంటుకొని, పొరను బిగించి ఉంచే కాల్షియం, మెగ్నీషియం అయానులను తొలగిస్తుంది. పొర సడలి చిరుగుతుంది, కణం చస్తుంది. కప్పల చర్మంలోనూ, మన తెల్లకణాల్లోనూ ఉండే రక్షక పెప్టైడులలో అనేకం ఇంచుమించు ఈ పద్ధతిలోనే పనిచేస్తాయి.

అయితే ఈ మందు మూత్రపిండాలను, నాడులను దెబ్బతీస్తుంది. జెంటామైసిన్ వంటివి అందుబాటులోకి రాగా 1970లలో దీనిని పక్కకు నెట్టారు. (జెంటామైసిన్ కూడా మూత్రపిండాలకు మిత్రుడేమీ కాదు, అది వేరే సంగతి.) నేను వైద్యవిద్య ముగించే నాటికి కొలిస్టిన్ దాదాపు గతచరిత్ర. కార్బాపెనెమ్ మందులకు సైతం లొంగని బాక్టీరియాలు ఐ.సి.యు.లలో ప్రబలాక, ముప్పు తెలిసీ వైద్యులు దానిని అటక మీదనుంచి దించక తప్పలేదు.

మనుషులకు వద్దనుకున్న ఆ దశాబ్దాలలోనూ పందులకు, కోళ్ళకు మాత్రం దానిని పెడుతూనే ఉన్నారు, రోగానికే కాదు, త్వరగా బరువెక్కడానికి కూడా. 2015 నవంబరులో చైనా శాస్త్రజ్ఞులు పందులలో, పచ్చిమాంసంలో, ఆసుపత్రి రోగులలో ఎం.సి.ఆర్-1 అనే జన్యువును కనుగొన్నట్లు వెల్లడించారు. అది బాక్టీరియా పైపొరకు ఫాస్ఫోఎథనాలమైన్‌ను అతికించి ఋణావేశాన్ని తగ్గిస్తుంది. మందుకు పట్టు దొరకదు. అంతకన్నా భయం కలిగించేది మరొకటి. ఆ జన్యువు ప్లాస్మిడ్ మీద ఉండటం వలన ఒక బాక్టీరియా నుండి మరొక జాతి బాక్టీరియాకు సైతం చేరగలదు.

భారత ప్రభుత్వం 2019 జూలైలో ఆహార జంతువులకు, కోళ్ళకు, ఆక్వా సాగుకు, దాణాలకు కొలిస్టిన్ తయారీని, అమ్మకాన్ని, పంపిణీని నిషేధించింది. కోళ్ళఫారాలు, రొయ్యల చెరువులు విస్తారంగా ఉన్న మన తెలుగునేలకు ఆ ఉత్తర్వు దూరపు సంగతి కాదు. మీకు ఫారం గాని, చెరువు గాని ఉంటే దాణా సంచి మీద, మందు పొట్లం మీద ఆ పేరున్నదేమో ఒకసారి చూడండి.